ఇల్లు చూడవచ్చినవారి నివేదికలో తప్పు దొర్లితే అమ్మేవారు ఏం చేయాలి?

ఒకప్పుడు మన ప్రాంతంలో ఇల్లు అమ్మకానికి పెడితే, కొనదలచినవారు ఇంటి పెద్దలను, తెలిసిన తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చేవారు. గోడలు తట్టి చూసి, బావిలో నీరు ఎంత లోతున ఉన్నదో విచారించి, ధర తెగ్గొట్టి బయానా చేతిలో పెట్టేవారు. నేడు రాయగడ, గుణుపురం, జయపురం, సునాబెడ పట్టణాలలోనే గాక రోడ్డువారగా ఉన్న గ్రామాలలో సైతం కొనేవారు చాలామంది బ్యాంకు ఋణం మీద ఆధారపడుతున్నారు. కావున ఇంటిని చూచే కళ్ళు కూడా మారినవి. బ్యాంకు తరఫున ఒక న్యాయవాది మన కాగితాలను పరిశీలిస్తాడు. ఒక వాల్యూయరు, అనగా విలువ కట్టే ఇంజనీరు, ఇంటికి వచ్చి కొలతలు తీసి ఫోటోలు పట్టుకుపోతాడు. హద్దుల విషయంలో అనుమానం ఉంటే అమీను గొలుసు పట్టుకుని దిగుతాడు.

ఈ ముగ్గురిలో ఎవరు వ్రాసిన ఒక్క పంక్తి తప్పయినా ఆ నష్టం అమ్మేవారి నెత్తిన పడుతుంది. బ్యాంకు ఋణం తగ్గిస్తుంది. కొనేవాడు ఆ మేరకు ధర తగ్గించమంటాడు, లేదా బయానా తిరిగి ఇమ్మంటాడు. అప్పటికే ఆ బయానా సొమ్ము పిల్ల పెళ్ళికో, విజయనగరంలోనో విశాఖలోనో కొనబోయే ఇంటికో ఖర్చయి ఉంటుంది. అటువంటి స్థితిలో చాలామంది చేసేది రెండే పనులు. వచ్చిన ఇంజనీరును తిట్టుకోవడం ఒకటి, గత్యంతరం లేదని ధర తగ్గించడం రెండవది. రెండూ అనవసరమే. తప్పు ఏ జాతికి చెందినదో తేల్చుకుని, అది పుట్టిన చోటనే, వ్రాతపూర్వకంగా సరిచేయించుకోవడానికి దారులున్నవి.

అమెరికాలో ఉన్న మన పిల్లల ద్వారా అక్కడి పద్ధతిని చాలామంది వినే ఉంటారు. అక్కడ కొనేవాడే ఇన్‌స్పెక్టరును నియమించుకుంటాడు. ఆ నివేదికలో పొరపాటు ఉన్నదని అమ్మేవారు తలిస్తే ఆ పనిలో అర్హత గల మరొకరిచేత పరీక్ష చేయించి, ఆయన ఇచ్చిన పత్రంతో జవాబిస్తారు. మన వద్ద బ్యాంకు పంపినవాడే ఇన్‌స్పెక్టరు. మనుషులు మారినా కాగితానికి కాగితమే సమాధానం అన్న సూత్రం మాత్రం ఇక్కడా పనికివస్తుంది.

మొదటి చిక్కు నివేదిక మన చేతికి రాకపోవడం. అది బ్యాంకు తెప్పించుకున్న కాగితం, బ్యాంకుకు ఖాతాదారు కొనేవాడే గాని మనం కాదు. అందుచేత బ్యాంకు మేనేజరు వద్దకు మనం వెళ్ళి గట్టిగా అడిగినా ఫలితం తక్కువ. కొనేవారిని మంచి మాటతో ఒప్పించి, ఏ పంక్తి వల్ల ఋణం తగ్గినదో వారిచేత వ్రాతలో తెప్పించుకోవాలి. "ఇంజనీరు బాగా వ్రాయలేదట" అన్న నోటిమాటకు జవాబు లేదు. "ఇంటి వయస్సు 30 ఏళ్ళు", "విస్తీర్ణం 3 డెసిమల్స్", "పట్టాదారు పేరు సరిపోలలేదు" అని స్పష్టంగా తెలిస్తే జవాబు ఉంటుంది. సవరణ కోరే అర్జీ కూడా కొనేవారి సంతకంతోనే బ్యాంకుకు వెళ్ళాలి, మన రుజువులు దానికి జతపరచాలి. అవసరమైతే బ్యాంకు జాబితాలోని మరొక వాల్యూయరుచేత తిరిగి చూపించమని అందులోనే కోరవచ్చును. బ్యాంకులు వాల్యూయర్లను ఎంపిక చేసుకోవడానికి ఒక విధానం ఏర్పరచుకోవాలని రిజర్వు బ్యాంకు 2007లోనే ఆదేశించినది.

ఇక తప్పుల సంగతి. మన సరిహద్దు జిల్లాలలో అన్నిటికంటె ఎక్కువగా తికమక పెట్టేది కొలత. ఆంధ్ర వైపు సెంట్లు, గజాలు అంటారు. ఒడిశా పట్టాలో ఎకరాలు, డెసిమల్స్ ఉంటవి. అమీను నోట కడి అన్న మాట వస్తుంది. ఇంజనీరు చదరపు అడుగులలో వ్రాస్తాడు. వీటిలో సెంటుకు, డెసిమల్‌కు భేదమేమీ లేదు. రెండూ ఎకరంలో నూరవ వంతే, అనగా 435.6 చదరపు అడుగులు, లేదా 48.4 చదరపు గజాలు. కడి అంటే లింకు. 66 అడుగుల గొలుసులో నూరవ వంతు, ఇంచుమించు ఎనిమిది అంగుళాలు. వెయ్యి చదరపు కడులు ఒక డెసిమల్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్థలం వెడల్పు 50 కడులు, పొడవు 100 కడులు. అడుగులలో అది 33 వెడల్పు, 66 పొడవు. మొత్తం 2178 చదరపు అడుగులు, సరిగా 5 డెసిమల్స్, 242 గజాలు. పాత చిత్తు పటంలో "50 × 100" అని మాత్రమే ఉన్నదనుకోండి. దానిని అడుగులుగా చదివినవాడు 5000 చదరపు అడుగులు, అనగా పదకొండున్నర డెసిమల్స్ అనుకుంటాడు. పట్టాలో 5 మాత్రమే చూసి, మిగిలినది ప్రభుత్వ భూమి ఆక్రమణ అని వ్రాసినా వ్రాస్తాడు! అదేవిధంగా 0.050 ఎకరం అని ఉన్నదానిని తొందరలో యాభై డెసిమల్స్‌గా చదివేవారూ ఉన్నారు, అది ఐదే. ఒడియా అంకెలు అలవాటు లేనివారికి ఇంకొక ప్రమాదం ఉన్నది. ఒడియా నాలుగు అంకె పైన నోరు తెరచిన ఇంగ్లీషు ఎనిమిదివలె కనబడుతుంది. ప్లాటు నంబరులో నాలుగు ఎనిమిదైతే బ్యాంకు న్యాయవాది పరిశీలించేది మన స్థలం కాదు, ఊరిలో మరెవరిదో.

ఇటువంటి తప్పుకు తహసిల్దారు కార్యాలయం దాకా పోనక్కరలేదు. పట్టా నకలు, ఊరి పటం నకలు, ఒక కాగితం మీద కడులను అడుగులలోకి మార్చిన లెక్క జతచేసి కొనేవారి ద్వారా ఇస్తే చాలును. ఊరి బడిలో లెక్కలు చెప్పే మాస్టారెవరైనా పది నిమిషాలలో వ్రాసి ఇవ్వగలరు.

లెక్క సరిగా ఉండి నేల మీద తేడా వస్తే మాత్రం సంగతి వేరు. పక్కవారి గోడ మన వైపు జరిగినదా, లేక మన వంటిల్లే పక్క ప్లాటులోకి పోయినదా అన్నది కంటిచూపుతో తేలేది కాదు. సరిహద్దుల నిర్ధారణకు తహసిల్దారుకు అర్జీ పెట్టి, ఆర్.ఐ., అమీనుల సమక్షంలో, పక్క హద్దుదారులకు తెలియజేసి కొలిపించుకోవాలి. ప్రైవేటు అమీను వేసిన కొలత మనకు తెలుసుకోవడానికి పనికివస్తుంది గాని వివాదంలో దానికి బలం తక్కువ. కొలిచిననాడే హద్దురాళ్ళు పాతించి, ఫోటోలు తీసి ఉంచుకోవడం మంచిది.

రెండవ జాతి తప్పు కట్టడానికి సంబంధించినది. వాల్యూయరు సాధారణంగా స్థలానికి ఒక విలువ, కట్టడానికి వేరొక విలువ కడతాడు. కట్టడాన్ని ఈనాడు కొత్తగా కట్టాలంటే ఎంత అవుతుందో లెక్కవేసి, వయస్సును బట్టి తరుగు తీసివేస్తాడు. సిమెంటు స్లాబు ఇంటికి 60 ఏళ్ళ ఆయుష్షు, చివరకు పదవ వంతు విలువ మిగులుతుంది అనుకుని లెక్కించడం ఒక వాడుక పద్ధతి. ఆ లెక్కన 20 ఏళ్ళ ఇంటికి తరుగు 30 శాతం, 30 ఏళ్ళ ఇంటికి 45 శాతం. కట్టుబడి ఖర్చు 12 లక్షలు అనుకుంటే మొదటిదానికి తరుగు 3 లక్షల 60 వేలు, రెండవదానికి 5 లక్షల 40 వేలు. అనగా వయస్సు పదేళ్ళు ఎక్కువ వ్రాసినందుకు పోయేది లక్షా ఎనభై వేల రూపాయలు. మన కొండ ప్రాంతపు వానలకు సున్నం నల్లబారిన గోడను చూసి ఇంటి వయస్సు ఊహించేవారు ఈ పొరపాటు తేలికగా చేస్తారు.

వయస్సుకు రుజువు బీరువాలోనే ఉంటుంది. మునిసిపాలిటీ లేదా ఎన్.ఎ.సి. పరిధిలోని ఇంటికి మొదటి హోల్డింగు పన్ను రసీదు, ఆమోదం పొందిన ప్లాను పనికివస్తవి. అన్నిటికంటె సులభమైనది మొదటి కరెంటు కనెక్షను కాగితం. దాని మీద ఉన్న సంస్థ పేరే కాలాన్ని చెబుతుంది. ఒడిశాలో 1996 దాకా విద్యుత్ బోర్డు, తరువాత గ్రిడ్‌కో, 1999 నుండి మన జిల్లాలకు సౌత్‌కో, 2021 జనవరి నుండి టి.పి.ఎస్.ఓ.డి.ఎల్. సౌత్‌కో పేరుతో మొదటి కనెక్షను ఇచ్చిన ఇల్లు నలభై ఏళ్ళదని ఎవరైనా వ్రాస్తే ఆ ఒక్క కాగితం చూపి ఎందుకన్నారో అడగవచ్చును. పాత ఇల్లు పడగొట్టి కట్టినచోట పాత కనెక్షనే కొనసాగి ఉంటే మాత్రం ఈ రుజువు మనకే ఎదురు తిరుగుతుంది. అప్పుడు ప్లాను, పన్ను రసీదులే ఆధారం.

కొలతలో మరొక సూక్ష్మం ఉన్నది. గోడల వెలుపలి నుండి కొలిస్తే 30 అడుగులకు 25 అడుగులు, 750 చదరపు అడుగులు అయ్యే ఇల్లు, తొమ్మిది అంగుళాల గోడల లోపలి నుండి కొలిస్తే 670కి దిగుతుంది. వెలుపలి కొలతకు వాడే రేటును లోపలి కొలతకు వాడితే పదిశాతానికి పైగా విలువ పోతుంది. ఇంజనీరు వచ్చిన రోజున ఇంటివారు వంటింట్లో టీ పెట్టే హడావిడిలో ఉండక, టేపు రెండవ చివర పట్టుకుని ఎక్కడి నుండి ఎక్కడకు కొలిచినాడో చూస్తూ వ్రాసుకుంటే సగం తగవులు పుట్టనే పుట్టవు.

ఇక చెమ్మ, పగుళ్ళు. ఆషాఢ శ్రావణాలలో కోరాపుట్ పీఠభూమి మీద చెమ్మ లేని గోడ అరుదు. దానిని స్లాబు కారుతున్నదని వ్రాస్తే వట్టి మాటలతో ఖండించి లాభం లేదు. డాబా మీద నీరు పోయే గొట్టాలు మూసి, రెండు మూడు అంగుళాల నీరు నిలిపి ఒకటి రెండు రోజులు ఉంచండి. కింద కప్పు పొడిగా ఉంటే కారడం లేదనడానికి అదే సాక్ష్యం. పగులు పెరుగుతున్నదా, ఆగిపోయిన పాతదా అన్న అనుమానానికి పాత ఇంజనీర్ల చిట్కా ఒకటి ఉన్నది. పగులుకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించి తేదీ వేస్తారు. కొన్ని నెలలకు కూడా గాజు పగలకపోతే గోడ కదలడం లేదని అర్థం. గాజు పగిలినదా, నివేదిక వ్రాసినవాడిది తప్పు కాదు, మన గోడదే లోపం.

ఈ భేదం మనం గట్టిగా పట్టుకోవాలి. మనకు నచ్చని పంక్తి అంతా తప్పు కాదు. ఆస్తిలో గాని హక్కులో గాని తనకు తెలిసిన ముఖ్యమైన లోపం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిది ఉంటే, దానిని చెప్పవలసిన బాధ్యత అమ్మేవాడిదేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతున్నది. రంగు వేసి పగులు కప్పడం వ్యాపార చాతుర్యం కాదు, రేపటి దావా.

మూడవ జాతి కాగితపు తప్పులు. వీటికి మన చరిత్రే కారణం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీలో ఉండేది. 1938 నుండి 1964 వరకు కోరాపుట్ జిల్లాలో పెద్ద సెటిల్‌మెంటు జరిగినది. రాయగడ అప్పటికి ఈ జిల్లాలోనిదే, 1992 అక్టోబరు 2న వేరు జిల్లా అయినది. తెలుగు నోట పలికిన పేరును ఒడియా చెవి విని ఒడియా లిపిలో వ్రాసినది. మన "వ" అక్కడ నిలువదు. వెంకటరావు బెంకటరావు అవుతాడు, లేదా భెంకట అవుతాడు. ఇంటిపేరు మనకు ముందు, వారికి చివర. ఆధారు కార్డులో ఒక వరుస, పట్టాలో మరొక వరుస, పాత దస్తావేజులో తెలుగు సంతకం. ఊరంతటికీ ఆయన ఒక్కడే అని తెలుసు. కంప్యూటరుకు, బ్యాంకు న్యాయవాదికి ముగ్గురు మనుషులు కనబడతారు.

పేరు తేడా స్వల్పమైతే ఆ పేర్లన్నీ ఒకరివే అన్న అఫిడవిట్‌తో కొన్ని బ్యాంకులు సరిపెట్టుకుంటాయి. శాశ్వతంగా సరిచేయాలంటే తహసిల్దారు వద్ద సవరణకు అర్జీ పెట్టాలి. పట్టాదారు చనిపోయి ఉంటే ముందు వారసుల పేర్ల మీదికి మ్యుటేషన్ జరగాలి. సాలూరులోనో పార్వతీపురంలోనో కాపురమున్న ఆడపడుచుల పేర్లు వదిలివేసి పని త్వరగా ముగించుదామనుకునే అన్నదమ్ములు ఇక్కడే బోల్తాపడతారు. బ్యాంకు న్యాయవాది మొట్టమొదట అడిగేది ఆ సంగతే. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోవాలి. ఒడిశాలో 2012 నాటి ప్రజాసేవల హక్కు చట్టం కింద ప్రకటించిన సేవలకు గడువు ఉంటుంది, రసీదు లేనివారికి ఆ గడువు మొదలే కాదు. తహసిల్దారు ఉత్తరువు నచ్చకపోతే సబ్ కలెక్టరు వద్ద అప్పీలు ఉన్నది. భూలేఖ్ వెబ్‌సైటులో మన ఖాతా తెరచి చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అమ్మాలని తలచిన ఏడాది ముందే చూసుకుంటే ఈ తిరుగుడంతా తీరికగా జరుగుతుంది.

పట్టాలో మరొక గడి ఉన్నది, అది కులపు గడి. ఇతర జిల్లాలలో దానిని ఎవరూ పట్టించుకోకపోవచ్చును. కోరాపుట్, రాయగడ రెండూ పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు. 1956 నాటి రెండవ రెగ్యులేషను ఇక్కడ వర్తిస్తుంది. దాని 2002 సవరణ తరువాత గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడం చెల్లదు. 2023 నవంబరులో ఈ నియమాన్ని సడలించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించి, నిరసనలు రాగానే నిలిపివేసినది. అందుచేత గిరిజనేతరుడి పట్టాలో కులం పొరపాటున కొండదొర అనో జాతాపు అనో పడి ఉంటే అమ్మకం మొత్తం ఆగిపోతుంది. అది నిజంగా వ్రాతతప్పే అయితే పాత సెటిల్‌మెంటు పత్రాలు, కులధృవీకరణ పత్రాలతో తహసిల్దారును ఆశ్రయించాలి. వ్రాతతప్పు కాక, పూర్వం ఒక గిరిజన కుటుంబం నుండి వచ్చిన భూమే అయితే దానిని "తప్పు" అని దిద్దించే ప్రయత్నం చేయరాదు. ఆ రెగ్యులేషను ఎవరి రక్షణకు పుట్టినదో మన పక్క ఇళ్ళవారిని చూస్తే తెలుస్తుంది. డబ్బు తీసుకుని ఆ గడి మార్పిస్తామనే మధ్యవర్తులను గుమ్మం ఎక్కనీయకండి.

కిసం సంగతీ అంతే. పట్టాలో ఘరబారి అని ఉంటే ఇంటిస్థలం. చాలా గ్రామాలలో ముప్పై ఏళ్ళుగా ఇల్లు నిలబడి ఉన్నా కాగితం మీద అది ఇంకా పంటభూమే. బ్యాంకు న్యాయవాది "వ్యవసాయ భూమిలో కట్టడం" అని వ్రాస్తే ఆయనది తప్పు కాదు. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద తహసిల్దారుకు అర్జీ పెట్టి, నిర్ణీత రుసుము చెల్లించి ఘరబారిగా మార్పించుకోవడమే మార్గం. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది బేరంలోనే తేల్చుకోవాలి. చట్టం దానిని మనకు విడిచిపెట్టినది, మధ్యవర్తికి కాదు.

అసలు ఒప్పందపు కాగితంలోనే రెండు షరతులు వ్రాయించుకుంటే ఎంతో ఉపశమనం. బ్యాంకు పరిశీలనలో అభ్యంతరం వస్తే దానిని వ్రాతపూర్వకంగా అమ్మేవారికి తెలియజేయాలి, సవరణకు ఇన్ని వారాల గడువు ఇవ్వాలి అన్నది ఒకటి. ఆ గడువులో సరికాకపోతే బయానా ఎంత, ఎన్ని రోజులలో వాపసు ఇవ్వాలన్నది రెండవది. ఈ రెండూ లేని ఒప్పందాలలోనే పంచాయతీ పెద్దల అరుగు దాకా పోయే తగాదాలు పుడుతున్నవి.

రిజిస్ట్రేషను అయిపోయిన తరువాత ప్లాటు నంబరులోనో విస్తీర్ణంలోనో తప్పు బయటపడితే, ఇరుపక్షాలూ కలసి సవరణ దస్తావేజు రిజిస్టరు చేయించుకోవచ్చును. ఒకరు రాకపోతే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షను కింద కోర్టుకు వెళ్ళవలసి వస్తుంది. ఇల్లు అమ్మి విశాఖ చేరిన పెద్దవారు ఒక అంకె కోసం ఘాట్‌రోడ్డు ఎక్కి తిరిగి రావడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. కావున సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి బయలుదేరే ముందు రాత్రి, ఒడియా బడిలో చదివే పిల్లను ఎదుట కూర్చోబెట్టి, దస్తావేజు ముసాయిదాలోని ఖాతా, ప్లాటు, కిసం, విస్తీర్ణం, నాలుగు హద్దులు, అందరి పేర్లు బిగ్గరగా చదివించండి. పట్టా మీ చేతిలో ఉంచుకుని ఒక్కొక్కటీ సరిపోల్చుకోండి. తేడా కనబడితే ఆ రాత్రే దస్తావేజు లేఖరికి ఫోను చేయండి.